40 దగ్గర పెట్టినా ట్యాంకు ఎందుకు పలకడం లేదు: అల్ట్రాసోనిక్ ట్రాన్స్‌డ్యూసర్‌కు శ్రుతి కలపడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగు పెట్టాక మిగిలే మడ్డిని వదిలించడానికి చిన్న స్టీలు ట్యాంకు కట్టుకున్నారు. దాని అడుగున 60 వాట్ల 40 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటును కంపనంగా మార్చే దిమ్మ) ఒకటి ఎపాక్సీతో అంటించారు. కరెంటును రెక్టిఫై చేసి (డీసీగా మార్చి), తరంగం పుట్టించే ఎస్‌జీ3525 ఐసీతో హాఫ్ బ్రిడ్జి (వంతులవారీగా పనిచేసే రెండు మాస్ఫెట్ స్విచ్చుల జత) నడుపుతూ, బ్రిడ్జి నుంచి ఒక కెపాసిటర్ మీదుగా నేరుగా ట్రాన్స్‌డ్యూసర్‌కు ఇచ్చారు. ఆసిలోస్కోపులో సరిగ్గా 40.0 వచ్చేదాకా తిప్పారు. అయినా నీళ్లలో చలనం లేదు, మాస్ఫెట్‌లు మాత్రం చేయి పెట్టలేనంతగా కాలిపోతున్నాయి. 40.00 దగ్గర కదలకుండా నిలబెట్టడానికి ఏ క్రిస్టల్ వాడాలి అని అడిగారు.

క్రిస్టల్ కొనకండి. మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ ఒకే మందు వెతుకుతున్నారు. నీళ్లు పలకకపోవడానికి కారణం ఫ్రీక్వెన్సీ. మాస్ఫెట్‌లు కాలడానికి కారణం ముఖ్యంగా ఫ్రీక్వెన్సీ కాదు. ఫ్రీక్వెన్సీని ఎంత చక్కగా సరిచేసినా ఆ వేడి చాలావరకు అలాగే ఉంటుంది.

ముందు ఆ 40 సంగతి. ట్రాన్స్‌డ్యూసర్ మీద ఉన్న 40 దాని జాతి పేరు లాంటిది, జాతకం కాదు. మీ చేతిలో ఉన్నది లాంజెవిన్ రకం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాములను పసిగట్టడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ ముక్కలను రెండు ఉక్కు పలకల మధ్య పెట్టి తయారుచేసిన పరికరానికి ఇది వారసురాలు. ఇప్పుడు క్వార్ట్జ్ బదులు పీజడ్‌టీ అనే, కరెంటు ఇస్తే కదిలే పింగాణీ బిళ్లలు, వెనక ఉక్కు, ముందు అల్యూమినియం, మొత్తాన్ని బిగించే ఒక బోల్టు. ఈ దిమ్మ పొడవు సుమారుగా అర తరంగదైర్ఘ్యం. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,000 మీటర్లు పోతుంది కాబట్టి, 40 కిలోహెర్ట్జ్ దగ్గర అర తరంగం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే పొడవులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఫ్రీక్వెన్సీ మూడు నాలుగు వందల హెర్ట్జ్ జరుగుతుంది. బోల్టు బిగువు మారినా జరుగుతుంది. (ఆ బోల్టును ఎప్పుడూ విప్పకండి. పింగాణీ నొక్కుడును ఓర్చుకుంటుంది గాని లాగుడును ఓర్చుకోదు. బోల్టు దాన్ని ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచాలి.)

ఇక అంటించాక కథ పూర్తిగా మారుతుంది. మృదంగం ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద పెడితే శ్రుతి దిగుతుంది కదా. ట్యాంకు అడుగు రేకు, ఎపాక్సీ పొర, ఆ పైన నీళ్లు, ఇవన్నీ మీ ట్రాన్స్‌డ్యూసర్‌కు అంటిన రవ్వ ముద్దలే. కచ్చేరీకి ముందు విద్వాంసుడు గాయకుడి శ్రుతిని విని మృదంగాన్ని దానికి కలుపుకుంటాడు. గాయకుడినే మృదంగానికి తగ్గట్టు పాడమనడు. ఇక్కడ గాయకుడు ట్రాన్స్‌డ్యూసర్, కలుపుకోవాల్సింది మీ ఆసిలేటరు. మీరు చేస్తున్నది తిరకాసుగా ఉంది.

మాటలతో సరిపెట్టకుండా లెక్కలోకి వెళ్దాం. నా దగ్గర ఇదే తరహా 60 వాట్ల ముక్క ఒకటి ఉంది. దాని అంకెలు చెబుతాను, మీవి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

విద్యుత్ దృష్టితో చూస్తే ట్రాన్స్‌డ్యూసర్ లోపల రెండు దారులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి కేవలం కెపాసిటర్. పింగాణీ బిళ్లల మీది లోహపు పూతల మధ్య ఉండే కెపాసిటెన్సు ఇది. దీన్ని స్థిర కెపాసిటర్ అందాం. రెండోది వరసగా ఉన్న ఇండక్టర్, కెపాసిటర్, రెసిస్టర్. ఇవి నిజం భాగాలు కావు. దిమ్మ బరువు, దాని స్ప్రింగు గుణం, అది పైకి పంపే శక్తి మనకు కరెంటు భాషలో ఇలా కనిపిస్తాయి. దీన్ని కదలిక దారి అందాం. పని జరిగేది ఈ దారిలోనే. ఈ దారి అనునాదంలోకి (రెసొనెన్స్) వచ్చినప్పుడు దాని ఇండక్టరూ కెపాసిటరూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని రెసిస్టర్ ఒక్కటే మిగులుతుంది. అక్కడ అవరోధం (ఇంపెడెన్స్) కనిష్ఠం. దానికి కొంచెం పైన కదలిక దారి ఇండక్టరుగా మారి స్థిర కెపాసిటర్‌తో అనునాదం చెందుతుంది. అక్కడ అవరోధం గరిష్ఠం. మొదటిది అనునాదం, రెండోది ప్రతి-అనునాదం.

నా ముక్క గాలిలో వట్టిగా ఉన్నప్పుడు అనునాదం 39.6, ప్రతి-అనునాదం 41.4 కిలోహెర్ట్జ్. ఎల్‌సీఆర్ మీటరు 1 కిలోహెర్ట్జ్ దగ్గర 4.26 నానోఫారడ్ చూపింది. ఆ అంకె చూసి అదే స్థిర కెపాసిటర్ విలువ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తక్కువ ఫ్రీక్వెన్సీలో కదలిక దారిలోని కెపాసిటర్ కూడా అందులో కలిసి ఉంటుంది. 39.6ను 41.4తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి 4.26తో గుణిస్తే 3.9 నానోఫారడ్. అసలు స్థిర కెపాసిటర్ అది. మిగిలిన 0.36 కదలిక దారిది. దాన్నిబట్టి కదలిక దారి ఇండక్టరు 44.5 మిల్లీహెన్రీ. గాలిలో రెసిస్టర్ 15 ఓమ్‌లు, కాబట్టి క్యూ విలువ (అనునాదం ఎంత పదునో చెప్పే అంకె) 740 దాకా వస్తుంది. అంటే అనునాదం వెడల్పు 54 హెర్ట్జ్ మాత్రమే. సన్నని తీగ మీద నడకే.

అదే ముక్కను ట్యాంకుకు అంటించి, నీళ్లు నింపి చూస్తే అనునాదం 39.1కి దిగింది. రెసిస్టర్ 300 ఓమ్‌లయింది. పెరిగినందుకు సంతోషించాలి, ఎందుకంటే ఆ పెరుగుదల చాలావరకు నీళ్లలోకి పోతున్న శక్తి. క్యూ 36కు పడిపోయి వెడల్పు వెయ్యి హెర్ట్జ్ దాటింది. ఇప్పుడు తీగ కాస్తా బాటయింది. అయినా మీరు 40.0 దగ్గర కూర్చుంటే శిఖరానికి 900 హెర్ట్జ్ దూరంలో ఉన్నట్టు. లెక్క వేస్తే నీళ్లకు చేరేది అందాల్సిన శక్తిలో నాలుగో వంతు. మీ ట్యాంకు నిద్రపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కాబట్టి చేయాల్సిన మొదటి పని కొలవడం. బ్రిడ్జిని పూర్తిగా విడదీయండి. సిగ్నల్ జనరేటర్ నుంచి 5 వోల్టుల సైన్ తరంగాన్ని 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ట్రాన్స్‌డ్యూసర్‌కు ఇచ్చి, ట్రాన్స్‌డ్యూసర్ చివరల వోల్టేజీని స్కోపులో చూడండి. 37 నుంచి 43 దాకా నెమ్మదిగా, 10 హెర్ట్జ్ మెట్లుగా వెళ్లండి. వోల్టేజీ అట్టడుగుకు పోయినచోట అనునాదం, పైకి లేచినచోట ప్రతి-అనునాదం. మామూలు మల్టీమీటరును నమ్మకండి. చాలావాటికి ఏసీ కొలత కొన్ని వందల హెర్ట్జ్ దాటితే దారి తప్పుతుంది. నానో వీఎన్‌ఏ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ అవరోధం కొలిచే చిన్న పరికరం) కొన్నవారు దాంతో చూద్దామని మురిసిపోతారు గాని, అది మామూలుగా 50 కిలోహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది. జనరేటర్ లేకపోతే 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ ఉన్న సౌండు కార్డు పనికొస్తుంది, నేను దాంతోనే చాలాకాలం నెట్టుకొచ్చాను.

కొలత తప్పనిసరిగా అంటించాక, నీళ్లు నింపాక, మీరు వాడే ద్రావణంతో, మీరు వాడే వేడి దగ్గర, బుట్టలో నగలు వేసి చేయాలి. నీటిమట్టాన్ని సెంటీమీటరు చొప్పున మార్చి కూడా చూడండి. నీళ్లలో ఈ శబ్దపు తరంగదైర్ఘ్యం 3.7 సెంటీమీటర్లు కాబట్టి, లోతు దాదాపు 1.9 సెంటీమీటర్లు మారినప్పుడల్లా పైనుంచి తిరిగొచ్చే తరంగం ఒకసారి తోడొస్తుంది, ఒకసారి అడ్డుపడుతుంది. గ్రాఫులో నున్నటి లోయ బదులు చిన్న చిన్న మడతలు కనిపిస్తాయి. భయపడకండి, ట్యాంకు అంటే అంతే.

ఇక్కడ ఒక చిన్న తనిఖీ. ఎస్‌జీ3525లో లోపలి ఆసిలేటరు వేగం వేరు, ఒక్కో అవుట్‌పుట్ వేగం వేరు. అవుట్‌పుట్ అందులో సగం. నాలుగో కాలి మీద 40 చూసి సంబరపడితే బ్రిడ్జి 20 దగ్గర నడుస్తూ ఉంటుంది. మీరు ఏ కాలి మీద చూశారో రాయలేదు. అలాగే ఐదో కాలి దగ్గరి టైమింగ్ కెపాసిటర్ మామూలు సిరామిక్ రకమైతే పెట్టె వేడెక్కేకొద్దీ దాని విలువ జారిపోతుంది. పాలీప్రొపిలీన్ గాని, వేడికి జారని ఎన్‌పీ0 సిరామిక్ గాని వేయండి. సర్దడానికి ఒక చుట్టు పొటెన్షియోమీటరు బదులు పది చుట్ల ట్రిమ్మర్ వేయండి. పది కిలోహెర్ట్జ్ పరిధిని ముప్పావు చుట్టులో ఇరికిస్తే వేలు వణికినా 40 హెర్ట్జ్ పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఈ మూడూ దొరుకుతాయి.

రెండో జబ్బు వేడి. 230 వోల్టులను రెక్టిఫై చేస్తే 325. బ్రిడ్జి మధ్య బిందువు ప్రతి చక్రంలో 0 నుంచి 325కు ఎగిరి, మళ్లీ దిగుతుంది. నేరుగా దానికి తగిలించిన 3.9 నానోఫారడ్‌ల స్థిర కెపాసిటర్‌ను మీ మాస్ఫెట్‌లు ప్రతిసారీ బలవంతంగా నింపి, బలవంతంగా ఖాళీ చేస్తున్నాయి. ఒక్కో చక్రంలో బూడిదయ్యే శక్తి కెపాసిటెన్సును వోల్టేజీ వర్గంతో గుణించినంత. దాన్ని సెకనుకు 40,000తో గుణిస్తే 16 వాట్లు పైన. ఈ 16 వాట్లూ నీళ్లలోకి పోవు, మాస్ఫెట్‌లలోనే దిగబడతాయి. అనునాదం మీద ఉన్నా ఇది తప్పదు. ఇంకా పెద్ద హీట్‌సింక్ వేయమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. కారుతున్న కుండ కింద ఇంకో గిన్నె పెట్టమనడం అది.

మందు వరసలో ఒక ఇండక్టరు. ఎంత విలువ? పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం స్థిర కెపాసిటర్‌ను సరిగ్గా రద్దు చేసేంత. పై అంకెలతో అది 0.32 మిల్లీహెన్రీ వస్తుంది. ఆ లెక్క అనునాదం దగ్గర నిజమే గాని, అక్కడ ఒక గొయ్యి ఉంది. మీ బ్రిడ్జి ఇచ్చేది చతురస్ర తరంగం, దానిలో మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర ఉండే భాగం) 117 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీకి కదలిక దారి ఉన్నట్టే అనిపించదు, స్థిర కెపాసిటర్ ఒక్కటే కనబడుతుంది. 0.32 మిల్లీహెన్రీ, 3.9 నానోఫారడ్ కలిసి 142 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతాయి. 117 దానికి దగ్గర చుట్టం. మూడో హార్మోనిక్ మూడు రెట్లు పెరిగి, పింగాణీ మీద మొదటి హార్మోనిక్‌తో సమానంగా పనికిరాని వోల్టేజీ కూర్చుంటుంది. మొదట్లో నేను ఈ గోతిలో పడ్డాను. ఇండక్టరు ఎందుకు కూతలు పెడుతూ కాలుతోందో వారం దాకా బోధపడలేదు.

1 మిల్లీహెన్రీ వేయండి. స్థిర కెపాసిటర్‌తో దాని అనునాదం 80 దగ్గరికి దిగిపోతుంది, మూడో హార్మోనిక్ పెరగదు సరికదా కాస్త తగ్గుతుంది. 39.1 దగ్గర మొత్తం భారం 277 ఓమ్‌ల రెసిస్టర్, 166 ఓమ్‌ల మిగులు ఇండక్టరు. హాఫ్ బ్రిడ్జి ప్రాథమిక తరంగం 146 వోల్టులు కాబట్టి శక్తి 57 వాట్లు, మీ 60 వాట్ల ముక్కకు సరిపోయేంత. కరెంటు వోల్టేజీ కంటే 31 డిగ్రీలు వెనకబడుతుంది. ఆ వెనకబాటే మనకు కావాల్సింది. ఒక మాస్ఫెట్ ఆగాక, రెండోది మొదలయ్యే లోపు ఇండక్టరులో మిగిలిన కరెంటే మధ్య బిందువును అవతలి గట్టుకు మోసుకుపోతుంది. మాస్ఫెట్ సున్నా వోల్టేజీ దగ్గర ఆన్ అవుతుంది. ఈ మార్పిడికి సమయం ఉండేలా ఎస్‌జీ3525 ఏడో కాలి దగ్గరి రెసిస్టర్‌తో డెడ్‌టైమ్ (రెండు మాస్ఫెట్‌లూ ఆగి ఉండే విరామం) కాస్త పెంచండి. ఇండక్టరుకు గాలి సందు ఉన్న ఫెరైట్ కోర్, పలు పోగుల తీగ వాడండి. సందు లేని కోర్ నిండిపోతే మాస్ఫెట్‌లు వేడెక్కే ప్రసక్తే ఉండదు, నేరుగా పేలతాయి.

ఈ ఇండక్టరు వేశాక ఒక జాగ్రత్త. గరిష్ఠ శక్తి వచ్చే శిఖరం ఇప్పుడు అనునాదానికి కాస్త దిగువన ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తూ పోతే కరెంటు పెరుగుతుంది, ఆశ పుట్టి ఇంకా దిగుతారు. శిఖరం దాటిన వెంటనే భారం కెపాసిటర్‌గా మారి పాత వేడి తిరిగొస్తుంది. అందుకే ఎప్పుడూ పైనుంచి, 41 దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. శిఖరానికి ఒకటి రెండు వందల హెర్ట్జ్ పైనే ఆగండి.

ఇంతవరకు చేస్తే మీ ట్యాంకు పలుకుతుంది. ఎంతసేపు అన్నదే మిగిలిన ప్రశ్న. లోహం వేడెక్కితే మెత్తబడుతుంది, అనునాదం దిగుతుంది. ఈ సైజు ముక్కలకు డిగ్రీకి ఆరు నుంచి పది హెర్ట్జ్ అనుకోవచ్చు. 40 డిగ్రీలు పెరిగితే మూడు వందల హెర్ట్జ్. దీనికి తోడు ఎక్కువ శక్తితో నడిపినప్పుడు పింగాణీ స్వభావం వల్ల ఇంకొంత దిగుతుంది, చిన్న సిగ్నల్‌తో కొలిచినది పూర్తి శక్తి దగ్గర అచ్చంగా అలాగే ఉండదు. చాలా ఏళ్ల కిందట ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో 20 కిలోహెర్ట్జ్ వెల్డింగ్ యంత్రం జనరేటర్ కాలిపోతే, నేను స్థిర ఫ్రీక్వెన్సీతో కొత్తది కట్టిచ్చాను. పొద్దున బ్రహ్మాండంగా అతికేది. మధ్యాహ్నానికి హార్న్ (ప్లాస్టిక్‌ను తాకే లోహపు కొమ్ము) వేడెక్కి వంద హెర్ట్జ్‌కు పైగా దిగేది, అతుకు ఊడేది. ఆపరేటరు నేను నేర్పినట్టే రోజుకు మూడుసార్లు నాబ్ తిప్పేవాడు. ఒకరోజు అతను సెలవు పెట్టాడు. కొత్త కుర్రాడు నాబ్‌ను అటు తిప్పబోయి ఇటు తిప్పాడు, పింగాణీ బిళ్ల పగిలింది. తప్పు ఆ కుర్రాడిది కాదు, నాబ్ పెట్టిన నాది.

వెల్డింగ్ యంత్రానికి, జారే అనునాదాన్ని వెంబడించే సర్క్యూట్ లేకుండా కుదరదు. మీ ట్యాంకుకు వెడల్పు వెయ్యి హెర్ట్జ్ కాబట్టి కొంత సౌలభ్యం ఉంది. చాలామంది మొదట 4046 ఐసీతో ఫేజ్ లాక్ కట్టాలనుకుంటారు. వోల్టేజీ, కరెంటు ఒకే ఫేజులో ఉన్నచోట పట్టుకోవాలన్నది ఆలోచన. పుస్తకంలో అందంగా ఉంటుంది. నీళ్ల ట్యాంకులో ఎక్కడ మోసం చేస్తుందో చెబుతాను. స్థిర కెపాసిటర్ అవరోధం ఇక్కడ 1,040 ఓమ్‌లు. కదలిక దారి రెసిస్టర్ అందులో సగం, అంటే 520 దాటితే, ట్రాన్స్‌డ్యూసర్ ఫేజు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరా సున్నాకు రాదు. నా ముక్క 300 కాబట్టి బయటపడింది. నీటిమట్టమో బుట్టలోని సరుకో దాన్ని 550 చేసిందంటే, లేని సున్నా కోసం వెతుకుతూ 4046 పరిధి చివరకు పారిపోతుంది. ఫేజ్ లాక్ కావాలంటే ముందు ట్రాన్స్‌డ్యూసర్‌కు సమాంతరంగా 4.2 మిల్లీహెన్రీ ఇండక్టరు పెట్టి స్థిర కెపాసిటర్‌ను మాయం చేయాలి. ప్రతి-అనునాదాన్ని అనునాదమని పొరబడకుండా ఐసీ పరిధిని 38.6 నుంచి 39.8 లోపల కట్టేయాలి.

మీకు నేను చెప్పేది అంతకన్నా మోటు పద్ధతి. మైక్రోకంట్రోలర్ డీసీ వైపు కరెంటును కొలుస్తూ, పైనుంచి కిందికి ఒకసారి తుడిచి శిఖరం ఎక్కడుందో చూసుకుంటుంది. దానికి 150 హెర్ట్జ్ పైన నిలబడుతుంది. రెండు నిమిషాలకోసారి మళ్లీ చూసుకుంటుంది. కంట్రోలర్ ఎంపికలో ఒక చిక్కు ఉంది. 16 మెగాహెర్ట్జ్ ఆర్డినో టైమర్‌లో 40 కిలోహెర్ట్జ్ అంటే 400 లెక్కలు, ఒక లెక్క మారితే 100 హెర్ట్జ్ దూకుడు. ట్యాంకుకు పర్వాలేదు, వట్టి గాలిలో 54 హెర్ట్జ్ వెడల్పున్న ముక్కకు అది గెంతులాట. 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎమ్32 అయితే మెట్టు 22 హెర్ట్జ్. తరంగాలు పుట్టించే ఏడీ9833 చిప్ 25 మెగాహెర్ట్జ్ గడియారంతో హెర్ట్జ్‌లో పదో వంతు దాకా సర్దుతుంది, మీకు అంత అవసరం లేదు.

శిఖరం దొరికాక దాని మీదే బిగుసుకుపోకండి. ఫ్రీక్వెన్సీని 300 హెర్ట్జ్ అటూ ఇటూ సెకనుకు కొన్ని పదుల సార్లు ఊపండి. ఒకే ఫ్రీక్వెన్సీతో నీళ్లలో స్థిర తరంగాలు ఏర్పడి, రెండు సెంటీమీటర్లకోసారి కడిగే పొర, మధ్యలో కడగని పొర మిగులుతాయి. గొలుసులో సగం మెరుస్తుంది, సగం మెరవదు. ఊపితే ఆ పొరలు కదులుతాయి. ఊపేటప్పుడు మధ్య బిందువును ఇంకా పైకి జరపండి, ఊపు కింది అంచు కూడా ఎప్పుడూ శిఖరానికి పైవైపే ఉండాలి, లేకపోతే ప్రతి ఊపుకూ మాస్ఫెట్‌లు కెపాసిటర్ వైపు జారుతాయి. ఫలితం చూడటానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో అర నిమిషం నిలువుగా వేలాడదీయండి. సూది బెజ్జాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే స్కోపు చెప్పనిది తెలుస్తుంది. రోల్డ్‌గోల్డ్ విషయంలో ఒక మాట: పూత పలచన, ఇదే ఫాయిల్‌ను చిల్లులు పొడిచే బుడగలే దాని మీదా పడతాయి. ముందు పారేసే ముక్కతో ఎంత సమయం ఓర్చుకుంటుందో చూసుకోండి.

ఖాళీ ట్యాంకుతో ఎప్పుడూ ఆన్ చేయకండి. నీళ్లు లేకపోతే రెసిస్టర్ మళ్లీ పడిపోతుంది, క్యూ లేస్తుంది, శక్తి పోయేచోటు లేక ఎపాక్సీనీ పింగాణీనీ తింటుంది. స్కోపు పెట్టే ముందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేసుకోండి, మీ బ్రిడ్జి నేరుగా కరెంటు మీద ఉంది. ట్యాంకుకు ఎర్త్ ఇవ్వండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్కన పెట్టినా దాని రెండు తీగలను కలిపి ఉంచండి. వేడెక్కి చల్లారేటప్పుడు పింగాణీ తనంతట తానే ఛార్జీ పోగేసుకుని, ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది.

అంటించి నీళ్లు నింపాక వచ్చిన అనునాదం, ప్రతి-అనునాదం, ఆ రెండు చోట్ల ట్రాన్స్‌డ్యూసర్ మీది వోల్టేజీ, ఎస్‌జీ3525 ఏ కాలి మీద 40 చూశారో, ఇవి రాయండి. మీ రెసిస్టర్ ఎంతో లెక్కకట్టి, 1 మిల్లీహెన్రీ మీకూ సరిపోతుందో లేదో చెబుతాను.